సిపాయిల వరసలో మూడో మనిషి

నన్ను అరసవల్లి సూర్యనారాయణ స్వామి గర్భగుడి ఎదురుగా నిలబెట్టి అడగండి. ఇదే చెబుతాను. పోలీసులకు చెప్పింది వేరు... అది నేనే ఒప్పుకుంటున్నాను. డాక్టరుకు చెప్పింది కూడా వేరే. మీకు చెప్పేది మాత్రం జరిగింది. కనీసం... జరిగినట్టు నాకు తెలిసింది.

ముందు ఈ చెయ్యి చూడండి. ఎడమది. ఈ రెండు వేళ్లూ మడతపడవు. గునపం దెబ్బ. ఎవరు కొట్టారని అడిగితే కొన్నాళ్లు ఒక పేరు చెప్పేవాడిని. ఇప్పుడు ఆ పేరు చెప్పడానికి నోరు రావడం లేదు.

నా పేరు గౌరీశు. విజయనగరంలో బోర్డులు రాస్తాను. ఫ్లెక్సీలు వచ్చాక మా పని సగం పోయింది. కానీ రాతి మీద అక్షరం ఇంకా చేత్తోనే దిద్దాలి. ప్రారంభోత్సవాల ఫలకాలు, గుళ్లో దాతల పేర్లు, సమాధి రాళ్లు... అలాంటివన్నీ నా దగ్గరికే వస్తాయి.

ఊరి చివర, పాత కంటోన్మెంటు దాటాక, సైనికుల సమాధులున్న స్థలం ఒకటి ఉంది. చుట్టుపక్కల వాళ్లు దాన్ని సోల్జరు తోట అంటారు. తోట ఏమీ కాదు. తుమ్మలు, నాలుగు సీతాఫలం చెట్లు, మోకాలెత్తు గడ్డి. ముందు వైపు దొరలవి... పెద్ద పెద్ద రాళ్లు. వెనకాల ప్రహరీ గోడ పక్కన చిన్న రాళ్లు పదకొండు. అవి మన సిపాయిలవి. కొన్నిటి మీద పేరు ఉంది. కొన్నిటి మీద పేరు కూడా లేదు. సిపాయి అన్న ఒక్క మాట, కింద ఒక నంబరు. అంతే.

మా అక్క భర్త పోలినాయుడు బావది పాతపట్నం దగ్గర పల్లె. సైన్యంలో ఇరవై రెండేళ్లు చేసి హవల్దారుగా దిగిపోయాడు. ఇప్పుడు మా ఊళ్లోనే ఒక అపార్టుమెంటుకు కాపలా. ఆయనా, ఆయనలాంటి మాజీ సైనికులు మరో నలుగురూ కలిసి ప్రతి ఏడూ ఆ గడ్డి కోస్తారు. రాళ్లు కడుగుతారు. ఒక ఉదయం పూలు పెట్టి సెల్యూట్ చేస్తారు. చెయ్యమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

పోయిన చలికాలం మొదట్లో బావ మా ఇంటికి వచ్చాడు. కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

“ఒరే గౌరీ... ఆల్ల పేర్లు అరిగిపోతన్నాయిరా. నువ్వొచ్చి నల్లరంగు ఎట్టాల.”

“ఆల్లు మనకేటవుతారు బావా?” అన్నాను, నవ్వుతూనే.

ఆయన నవ్వలేదు. “నా పక్కన సచ్చిపోయినోల్లని కాల్చీసి, బూడిద ఇంటికి అంపీసినాం. ఈల్లకి ఇల్లెక్కడో కూడా తెలీదు. రాయొక్కటే ఉన్నాది. అదీ అరిగిపోతే ఎలగ?”

సరే అన్నాను. ఆ మాటకు కాదనడం ఎవరికి వస్తుంది.

ఆ పూలు పెట్టే కార్యక్రమానికి వారం ముందు ఒక సంగతి జరిగింది. రాత్రి ఎవరో గోడ దూకి లోపలికి వచ్చారు. సిపాయిల వరసలో మూడు రాళ్లు సుత్తితో పగలగొట్టారు. చుట్టూ ఉన్న ఇనుప గొలుసులు, వాటి గుంజలు పీకి పట్టుకుపోయారు. గేటు పక్క రేకుల షెడ్డులో సింహాలమ్మ అని ఒక ముసలామె ఉంటుంది. ఆ గడ్డిలో మేకలు కాసుకుంటూ, తాళం చూసుకుంటూ ఉంటుంది. అలికిడి విని ఆమె కేకలేసింది. కేకేసిన ఆమెను రాయి పెట్టి ముఖం మీద కొట్టారు. అడ్డం వచ్చిన కుక్క తల సుత్తితో చితక్కొట్టారు.

మర్నాడు బావా నేనూ వెళ్లాం. సింహాలమ్మ కుడి కన్ను మూసుకుపోయి ఉంది. చెంప వంకాయ రంగులోకి తిరిగింది. ఆమె ఏడవడం లేదు. కుక్కను పాతిపెట్టిన చోట మట్టిని చేత్తో చదును చేస్తూ కూర్చుంది.

బావ ఆ పగిలిన రాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముక్కలు ఒక్కొక్కటే ఏరి, ఏ ముక్క ఏ రాయిదో చూసి పక్కపక్కన పేర్చాడు. తర్వాత లేచి చాలా నెమ్మదిగా అన్నాడు.

“దొరకాల గానీ... కాల్లూ సేతులూ ఇరగ్గొట్టి ఇక్కడే ఒగ్గీసి ఎల్తాను.”

“నానూ ఒక సెయ్యేస్తాను బావా,” అన్నాను.

ఉత్తుత్తినే అనలేదు. ఆ ముసలామె ముఖం చూశాక నిజంగానే అన్నాను. అది మీరు గుర్తుపెట్టుకోవాలి... నా కోపం కూడా తక్కువదేమీ కాదు.

ఆ వారం చివర అల్పపీడనం పట్టింది. రెండు రోజులు ఆగని వాన. తడి రాయి మీద ఎనామిల్ రంగు నిలవదు. కార్యక్రమం మర్నాడు ఉదయం ఏడింటికి. బడి పిల్లలు వస్తారు, ఊరి పెద్దలు వస్తారు. దొరల రాళ్లు ముందే దిద్దేశాను. సిపాయిల వరస మొత్తం మిగిలిపోయింది. రాత్రి ఎనిమిదికి వాన తెరిపి ఇచ్చింది. బావ ఫోన్ చేశాడు.

“ఒచ్చీయ్‌రా. రాత్రికి రాత్రి అవగొట్టీదుం.”

వెళ్లాను.

రీచార్జి లైటు ఒకటి. ఫ్లాస్కులో టీ. రాళ్లు తుడవడానికి పాత తువ్వాళ్లు. కూలిన రాయి ఎత్తడానికి బావ దగ్గర గునపం. పని ఎలాగంటే... ముందు నేను వైర్ బ్రష్షుతో అక్షరాల్లో నాచు గీకుతాను. బావ గుడ్డతో అద్దుతాడు. ఆరాక నేను సన్న బ్రష్షుతో నలుపు నింపుతాను. గర్ర్... గర్ర్... గర్ర్... గీకుడు చప్పుడు ఒక్కటే. గోడకు తగిలి వెనక్కి వచ్చేది. చెట్ల మీంచి చుక్కలు టప్... టప్... మని పడుతున్నాయి.

రాత్రి పదకొండు గంటలు దాటేసరికి ఐదు రాళ్లు అయ్యాయి. బావ ఒక్కో రాయి అయ్యాక ఆ పేరును పైకి చదివేవాడు. పేరు లేని రాయైతే నంబరు చదివేవాడు. బడిలో హాజరు పిలిచినట్టు. ఆ చివర పగిలిన మూడు రాళ్ల దగ్గర లైటు వెలుగు అందడం లేదు. చీకటి.

ఆరో రాయి గీకుతున్నాను. గర్ర్... గర్ర్... ముక్కులో దుమ్ము పోయి తుమ్ము వచ్చింది. ఆగాను.

గర్ర్... గర్ర్...

ఆగలేదు. చప్పుడు ఆగలేదు.

నా చెయ్యి చూసుకున్నాను. బ్రష్షు రాతికి జానెడు దూరంలో ఉంది. గోడకు తగిలి వస్తున్న చప్పుడేమో అనుకున్నాను. అయితే ఎంతసేపు వస్తుంది... ఒక క్షణం. ఇది వస్తూనే ఉంది. నా లెక్కే. నేను గీకినట్టే. రెండు పొడుగు, ఒకటి పొట్టి. వరస చివర నుంచి. పగిలిన రాళ్ల వైపు నుంచి.

బావ వైపు చూశాను. ఆయన అప్పటికే అటే చూస్తున్నాడు. గుడ్డ కింద పెట్టాడు. గునపం తీసుకున్నాడు. నోటి మీద వేలు పెట్టి, లైటు ఆర్పమని సైగ చేశాడు.

“ఒచ్చాడ్రా,” అన్నాడు. ఊపిరితో అన్నాడు. “నువ్వు ఆ పక్కనించి రా. నాను ఈ పక్కనించి.”

లైటు ఆర్పాను. సెల్ ఫోను చేతిలో పట్టుకున్నాను, అవసరమైతే టార్చి వేద్దామని. ఇంకో చేతికి రాతి ముక్క దొరికింది. పగిలిన రాళ్లదే ఏదో. కొబ్బరికాయంత.

ఆ పది అడుగులు నడవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. మట్టి మెత్తగా ఉంది. కాలు తీసినప్పుడల్లా చప్... మంటోంది. వేసినప్పుడు చప్పుడు లేదు. రంగులో కలిపే టర్పెంటాయిల్ వాసన వెనకాల ఉండిపోయింది. తడి మట్టి వాసన. తర్వాత... బీడీ వాసన. ఘాటుగా. బావ బీడీ తాగడు. నేనూ తాగను.

బీడీ వాసన తగిలాక నాకు భయం పోయింది. నిజం. మనిషే కదా. దొంగే కదా. మిగిలిన ఇనుము కోసం వచ్చాడు అనుకున్నాను. ఒళ్లంతా వేడెక్కింది. సింహాలమ్మ చెంప కళ్ల ముందు కనబడింది.

గీకుడు ఆగింది.

ఎవరో దగ్గారు. చిన్నగా. గొంతులో ఏదో అడ్డం పడినట్టు.

అంతే... గునపం గాలి కోసిన చప్పుడు. ధబ్.

రాతి మీద పడితే టంగుమంటుంది కదా. మట్టి మీద పడితే దిగబడుతుంది. ఇది ఆ రెండూ కాదు. గోనె సంచి మీద పడ్డట్టు. ఆ వెంటనే ఒక మూలుగు. ఊఁ... అని. మళ్లీ ధబ్. మళ్లీ.

నేను ఫోన్ టార్చి వేశాను. వెలుగు గోడ మీదా గడ్డి మీదా పరిగెత్తింది. బావ మోకాళ్ల మీద ఉన్నాడు. కింద ఏదో ఉంది. వెలుగు అక్కడికి దించేలోపు ఒక్కటి కనబడింది. ఒక్కటే. పాదం. అరికాలు. నీళ్లలో చాలాసేపు నానితే చర్మం తెల్లబడి ముడతలు పడుతుంది చూడండి... అలాంటి అరికాలు. దాని వేళ్లు లోపలికి ముడుచుకుని, మళ్లీ విచ్చుకున్నాయి.

అప్పుడు నా చేతి మీద దెబ్బ పడింది. ఫోన్ ఎగిరిపోయింది. చీకటి.

ఆ తర్వాత జరిగింది నాకు కళ్లతో తెలియదు. ఒంటితో తెలుసు.

నన్ను ఎవరో నడుం పట్టుకుని వెనక్కి లాగారు. వెల్లకిలా పడ్డాను. గుండెల మీద బరువు. గొంతు మీద రెండు బొటనవేళ్లు. ఉన్ని స్వెట్టరు నా గడ్డానికి రాసుకుంటోంది. ఆ స్వెట్టరు నాకు తెలుసు. మా అక్క అల్లింది. బావ ఊపిరి తెలుసు, టీ వాసన తెలుసు.

“బావా... నానే... గౌరీని...” అన్నాను. అన్నానో, అనుకున్నానో. గొంతు లేదు.

ఎడం చెయ్యి పక్కకు చాచి ఏదైనా దొరుకుతుందేమో అని తడిమాను. రాతి దిమ్మ మీద పడ్డాయి వేళ్లు. వాటి మీద గునపం పడింది. బావ చేతులు రెండూ నా గొంతు మీదే ఉన్నాయి. ములక్కాడ విరిచిన చప్పుడు వచ్చింది. నొప్పి వెంటనే రాలేదు. చప్పుడు ముందు వచ్చింది.

నేను కుడిచేతిలో రాయి వదల్లేదు. దాంతో కొట్టాను. బావ తల అని తెలిసే కొట్టాను. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి ఏదో లోపలికి నలిగినట్టు అనిపించింది. ముఖం మీద వెచ్చగా కారింది. చలిలో ఆ వేడి... ఇప్పటికీ స్నానానికి వేడినీళ్లు ముఖం మీద పోసుకోలేను. చన్నీళ్లే.

ఇంకోటి ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు. నా గొంతు నులుముతూ బావ ఒక మాట అంటూనే ఉన్నాడు. కోపంగా కాదు. పసివాడిని బుజ్జగించినట్టు.

“ఒగ్గీరా... ఒగ్గీ... ఇంక సాలు ఒగ్గీ...”

వదలమంటున్నాడు. గొంతు పట్టుకున్నది ఆయన. వదలమంటున్నది నన్ను.

ఎంతసేపో తెలియదు. దూరంగా సింహాలమ్మ అరుపు. గాజు లాంతరు వెలుగు ఊగుతూ వస్తోంది. వాన మళ్లీ మొదలైంది. ముందు ఆకుల మీద, తర్వాత మా మీద. నా గొంతు మీద వేళ్లు పక్కకు జారిపోయాయి.

లాంతరు దగ్గరికి వచ్చింది.

బావ నాకు మూడడుగుల దూరంలో పడి ఉన్నాడు. బోర్లా. తల వెనక చర్మం తెరుచుకుని ఉంది. మా ఇద్దరి మధ్య... మా ఇద్దరి మధ్య ఎవరూ లేరు. ఒక గుంట ఉంది. తవ్విన గుంట కాదు. మెత్తటి మట్టిలో మనిషి వెల్లకిలా పడుకుంటే పడుతుంది చూడండి, అలాంటిది. తల దగ్గర గుండ్రంగా. భుజాల దగ్గర వెడల్పు. మడమల దగ్గర రెండు లోతు గాట్లు, కాళ్లు కొట్టుకున్నట్టు. అందులోకి వాన నీళ్లు చేరుతున్నాయి. నెమ్మదిగా. లాంతరు వెలుగులో ఆ నీళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను చూస్తూ ఉండగానే నిండిపోయాయి. భుజాల గీత కరిగిపోయింది. తర్వాత అది ఉత్త మడుగు.

సింహాలమ్మ అక్కడ నిలబడి ఆ మడుగునే చూస్తోంది. మమ్మల్ని కాదు.

పెద్దాసుపత్రికి ఆటోలో తీసుకెళ్లింది ఎవరో నాకు గుర్తు లేదు. బావ తలకు పద్నాలుగు కుట్లు పడ్డాయి. రెండు రోజులు తెలివి లేదు. నాకు చెయ్యికి కట్టు కట్టారు. డ్యూటీలో ఉన్న డాక్టరు బావ ముంజేయి తిప్పి చూసి నన్ను పిలిచాడు. అక్కడ పళ్ల గాటు ఉంది. పై వరస, కింద వరస. లోతుగా దిగి రక్తం గడ్డకట్టింది.

“నువ్వు కొరికావా?”

“లేదండీ.”

“నోరు తెరు.”

టార్చి వేసి చూశాడు. నాకు పైన ముందు పన్ను చిన్నప్పుడే పోయింది. డాక్టరు మళ్లీ బావ చెయ్యి చూశాడు. ఆ గాటులో సందు లేదు. వరస నిండుగా ఉంది. కాగితం మీద రాసుకుని వెళ్లిపోయాడు.

పోలీసులు వచ్చారు. డాక్టరుకు చెప్పినట్టే వాళ్లకూ గుర్తు తెలియని దొంగలు దాడి చేశారని చెప్పాను. వారం కిందటి గొడవ ఉంది కాబట్టి వాళ్లు నమ్మారు. నాకూ అదే నిజమైతే బాగుండనిపించింది. ఉదయం వెళ్లి చూసొచ్చిన కానిస్టేబుల్, అడుగుజాడలు మా ఇద్దరివీ సింహాలమ్మవీ, మూడు జతలే ఉన్నాయన్నాడు. వెంటనే, వానకు సగం కొట్టుకుపోయాయిలే అని కూడా అన్నాడు. గోడ మీద నాచు చెదరలేదట. మమ్మల్ని బయటికి తెచ్చేదాకా గేటు తాళం వేసే ఉందట.

ఏడింటి కార్యక్రమం మాత్రం ఆగలేదు. గొడుగుల కింద జరిగిందట. బావ స్నేహితులు మడుగులో మట్టి పోసి చదును చేశారట. రాళ్ల మీద రక్తం కడిగి, దాని మీదే బంతిపూలు పెట్టారట. నేను దిద్దని రాళ్ల మీద ఎవరో సుద్దముక్కతో రాశారట. వానకు అది కారిపోయిందట. ఆసుపత్రి మంచం మీద ఇవన్నీ విన్నాను.

మూడో రోజు బావకు తెలివి వచ్చింది. మా అక్క బయటికి వెళ్లగానే నేను లోపలికి వెళ్లాను. నా గొంతు మీద ఇంకా బొటనవేళ్ల మచ్చలు ఉన్నాయి. బావకు యుద్ధం తలకెక్కిందేమో, చీకట్లో నన్ను శత్రువు అనుకున్నాడేమో అని మూడు రాత్రులు ఆలోచించి, క్షమించడానికి సిద్ధపడి వెళ్లాను.

ఆయన నన్ను చూసి గోడ వైపు తిరిగాడు.

“ఏటి బావా?”

“ఎందుకొచ్చావు,” అన్నాడు. “నిన్ను సూస్తే బయిమేస్తంది నాకు.”

“నానేటి సేసినాను? నువ్వే కదా నా పీక పిసికినావు.”

గోడ వైపు తిరిగే చెప్పాడు బావ. ఆయన మూడు దెబ్బలే వేశాడట. మూడో దెబ్బకు వాడు పడిపోతే ఆపేశాడట. అప్పుడు నేను వచ్చానట. వాడి గుండెల మీద ఎక్కి కూర్చున్నానట. రాయితో ముఖం మీద కొడుతూనే ఉన్నానట.

“ఒగ్గీరా అంటే ఒగ్గలేదు. నడుం పట్టుకుని లాగినాను. గొంతు పట్టుకుని లాగినాను. ఆడి ముఖం లేదురా అప్పటికి. నువ్వు నా మీదకి తిరిగినావు.”

“అబద్దం బావా.”

“నీ సెయ్యి సూసుకో.”

ఎడమ చేతి కట్టు చూశాను. “అది కాదు. కుడిది,” అన్నాడు.

కుడిచెయ్యి చూసుకున్నాను. అన్ని రోజులూ విరిగిన చేతి నొప్పిలో దాన్ని పట్టించుకోలేదు. నాలుగు కణుపుల మీదా చర్మం లేచిపోయి ఉంది. అరచేతిలో రాతి అంచు దిగిన గీతలు. మూడు దెబ్బలకు అంత పడుతుందా... నాకు తెలియదు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

“మరి ఆడేడీ?” అన్నాను.

బావ కళ్లు మూసుకున్నాడు. “అదే నన్నడుగుతన్నావా నువ్వు.”

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. మా అక్క ఇద్దరి మధ్యా ఏడ్చింది, తిట్టింది. నేను తగ్గలేదు. నాది నిజం అని నాకు రుజువు కావాలి. చూసిన మనిషి ఒక్కరే ఉన్నారు. ముందు ఎందుకు తట్టలేదో గానీ, కట్టు విప్పిన రోజే సోల్జరు తోటకు వెళ్లాను. పట్టపగలు. ఎండ.

సింహాలమ్మ షెడ్డు ముందు మేకలకు రొట్ట కోస్తోంది. వాపు తగ్గింది కానీ కుడి కన్ను సరిగా తెరుచుకోవడం లేదు. నన్ను చూసి కత్తిపీట పక్కకు జరిపి, గోనెపట్టా వేసింది.

“సేయి ఎలగున్నాది బాబూ?”

“ఉందిలే. ఒక మాట అడుగుతాను, నిజం సెప్పాల. ఆ రాత్రి నువ్వు లాంతరేసుకుని ఒచ్చినప్పుడు ఏటి సూసినావు? బావ నన్ను కొడతన్నాడా, నాను బావని కొడతన్నానా?”

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను ఆటలాడుతున్నానేమో అన్నట్టు.

“మీరు మీరు కొట్టుకోడం ఆకరున కదేటి బాబూ.”

“మరి ముందు?”

“ముందు ఇద్దరూ కలిసే కొట్టినారు.”

మేక ఒకటి వచ్చి నా చొక్కా అంచు నమిలింది. దాన్ని తోలే ఓపిక కూడా నాకు లేదు.

“ఆ సీతాపలం సెట్టు కాడ నిలబడిపోనాను బాబూ, కాల్లు రాలేదు. నువ్వో పక్క, నాయుడుబాబో పక్క. ఆడు మద్దిన. ఆడు దండం ఎట్టినాడు. కూకుని ఎట్టినాడు, పడుకుని ఎట్టినాడు. నీల్లడిగినాడు. మీకు ఇనబడలేదేటి? నాకే ఇనబడితే... అంత దూరంలో ఉన్నదాన్ని.”

“ఎవుడాడు? ఆ దొంగేనా?”

“కాదు బాబూ. నన్ను కొట్టినోల్లు ఇద్దరు, బలిసినోల్లు. ఈడు బక్కోడు. ఒంటి మీద గుడ్డే సరిగ్గా లేదు.”

నా నాలుక తడారిపోయింది. నీళ్లు అడగబోయి ఆగిపోయాను. ఎలా అడుగుతాను ఆ మాట విన్నాక.

“మరి పోలీసోల్లకి ఎందుకు సెప్పలేదు?”

సింహాలమ్మ కూర్చున్న చోటు నుంచి నా దగ్గరికి జరిగింది. చుట్టూ చూసింది. నా విరిగిన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. తల్లి పట్టుకున్నట్టు పట్టుకుంది.

“సెబితే మిమ్మల్ని తీసుకెల్లిపోరేటి? నా కోసరమే కదా కోపం తెచ్చుకున్నారు. నాను ఎవులికీ సెప్పను బాబూ, నా పేనం పోయినా సెప్పను.” గొంతు ఇంకా తగ్గించింది. “నాకొక్కదానికే సెప్పు. ఆడినెక్కడెట్టినారు?”

నేను లేచి వచ్చేశాను. బండి స్టార్ట్ చేయడం కూడా రాలేదు కాసేపు.

అదీ సంగతి. ఆమె కన్ను సరిగా కనబడదు, నిజమే. చీకటి, వాన, భయం. బావకు తల మీద దెబ్బ తగిలింది. నాకు ఊపిరి ఆడలేదు. ముగ్గురిలో ఎవరి మాటా కోర్టులో నిలబడదు. బుద్ధికి అన్నీ తెలుసు.

అయినా ఒక పని చేస్తున్నాను. మా పక్క పోలీసు స్టేషన్ బోర్డులు నేనే రాస్తాను, అందుకని లోపలికి వెళ్లడానికి మొహమాటం లేదు. వెళ్లినప్పుడల్లా రైటరును అడుగుతాను. ఆ వారంలో ఎవరైనా కనబడటం లేదని ఎవరైనా వచ్చారా అని. బక్కపలచటి మనిషి అని. శ్రీకాకుళం వైపు కూడా కనుక్కోమన్నాను. మొదట్లో ఆయన విసుక్కునేవాడు. ఇప్పుడు జాలిగా చూస్తున్నాడు.

“ఎవులూ రాలేదయ్యా. ఎవులూ పోలేదు. నీకేటి కావాల?” అంటాడు.

ఎవరూ పోలేదు అన్న మాట వింటే హాయిగా ఉండాలి కదా. ఎవరూ పోలేదు... ఎవరి తల్లీ ఎదురు చూడటం లేదు. మంచిదే. కానీ ఆ రాత్రి నా కుడిచేతి కింద, రాయి దిగిన ప్రతిసారీ, ఏదో మెత్తగా తగిలింది. బావ తల గట్టిది. అది కాదు.